ఏ చేప ఉంది, ఏ చేప లేదు: నది కాలుష్యాన్ని చేపల ద్వారా తెలుసుకునే పద్ధతి

చెన్నైలో అడయారు నది మీది తిరు.వి.క. వంతెన పైన తెల్లవారుజామున నిలబడి చూస్తే, కొన్ని రోజుల్లో నల్లటి నీటి మీదికి చేపలు గుంపులుగా వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. నడకకు వచ్చే మన తెలుగువాళ్లు వాటిని చూపించి, "చేపలు తిరిగొచ్చాయంటే నది బాగుపడినట్టే కదండీ?" అని ఆశగా అడుగుతారు. ఆ గుంపులో ఉన్నవి దాదాపుగా ఎంత మురికినైనా తట్టుకునే తిలాపియాలే అయితే, అవి నీటిలో చాలని ఆక్సిజన్ కోసం పైపొరను అందుకుంటూ ఉంటే, ఆ దృశ్యం నది కోలుకుంటున్నదనడానికి గుర్తు కాదు. నది ఎంత ఇబ్బందిలో ఉన్నదో చెప్పే గుర్తు. చేపలు ఉన్నాయా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా, ఏ చేపలు ఉన్నాయి, ఉండవలసిన ఏ చేపలు లేవు, ఉన్నవాటి ఒంటి తీరు ఎలా ఉంది అని అడగడం నేర్చుకుంటే, పెద్ద ప్రయోగశాల లేకుండానే ఒక నది స్థితిని చాలావరకు చదవవచ్చు. కళాశాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, కాలనీ సంఘాలవారు ఆ పని ఎలా మొదలుపెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను.

సీసాలో పట్టిన నీరు ఆ నిమిషం సంగతి మాత్రమే చెబుతుంది. రాత్రి రెండు గంటలకు ఎవరో నదిలోకి వదిలిన మురుగు ఏడు గంటలకు మీరు నమూనా తీసేసరికి కిందికి కొట్టుకుపోయి ఉంటుంది. అదే చోట నెలల తరబడి బతికిన చేప మాత్రం ఆ రాత్రినీ, అంతకుముందు రాత్రులనూ తన మొప్పల్లో, కాలేయంలో, ఎదుగుదలలో దాచుకుని ఉంటుంది. నాచు తినేవి, పురుగులు తినేవి, ఇతర చేపలను తినేవి అని చేపలలో ఆహారపు మెట్లు ఉండడం వల్ల చేపల సముదాయం ఒక్కటే నీటిలోని మొత్తం ఆహార వ్యవస్థ గురించి సాక్ష్యం ఇస్తుంది. పైగా నీటి రసాయనం పేరు చెబితే తల ఊపి ఊరుకునే పెద్దలు, చేప పేరు చెప్పగానే తమ చిన్ననాటి సంగతులు చెప్పడం మొదలుపెడతారు. ఆ జ్ఞాపకాలు కూడా మనకు సమాచారమే.

అయితే చేపకు ఒక బలహీనత ఉంది: అది కదులుతుంది. నీరు పాడైతే పారిపోగలదు, వరదకు చెరువులోంచి కొట్టుకు రాగలదు, పోటుతో సముద్రం నుంచి లోపలికి రాగలదు. ఈ విషయాన్ని మరచిపోతే మిగతా పని అంతా వృథా అవుతుంది కాబట్టి, కింది ప్రతి దశలోనూ దీన్ని గుర్తుంచుకోవాలి.

ముందుగా చేపలను తెలుసుకోవడం

పని మొదలుపెట్టే ముందు మీ నదిలో దొరికే చేపలను మూడు వర్గాలుగా మనసులో పెట్టుకోండి. మొదటి వర్గం ఎంత మురికినైనా తట్టుకునేవి. ఇందులో ముఖ్యమైనది 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా. చెన్నై చేపల బజారులో దీన్ని జిలేబి అంటారు. దోమల నివారణకు వదిలిన గంబూసియా, అక్వేరియాల నుంచి బయటపడిన సక్కర్ చేప, అంటే మన గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది, 2000లో కేంద్ర ప్రభుత్వం పెంపకాన్ని నిషేధించినా ఇంకా కనిపించే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా ఈ వర్గంలోవే.

రెండవ వర్గం గాలి పీల్చగలిగేవి: కొర్రమీను, మార్పు, గొరక వంటివి. వీటికి మొప్పలతో పాటు గాలిని నేరుగా వాడుకునే అదనపు అవయవాలు ఉంటాయి. ఇవి మన సొంత చేపలే, విలువైనవే. కానీ ఇవి మాత్రమే మిగిలిన నీటిలో ఆక్సిజన్ కొరత ఉన్నదని అనుమానించాలి. మార్కెట్లో కొర్రమీనుకు ఉన్న ధరను చూసి అది శుభ్రమైన నీటిలోనే ఉండే చేప అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది మంచి నీటిలోనూ బతుకుతుంది, చెడ్డ నీటిలోనూ బతుకుతుంది, అందుకే దాని ఉనికి ఒక్కటే ఏమీ చెప్పదు.

మూడవ వర్గం సున్నితమైనవి. పారే నీటిలో, ఇసుక, గులకరాళ్ల మీద తిరిగే చిన్న పరిగెలు, అడుగున పురుగులు ఏరుకుని తినే సన్నని చేపలు, ఒళ్లు అద్దంలా కనిపించే చిన్న చేపలు ఇందులోకి వస్తాయి. ఎవరూ కొనరు, ఎవరూ లెక్కపెట్టరు, అందుకే ఇవి ఎప్పుడు మాయమయ్యాయో కూడా ఎవరికీ తెలియదు. కూవం నదిలో 1950 ప్రాంతంలో 49 రకాల చేపలు ఉండేవని, 1970ల నాటికి అవి 21కి తగ్గాయని నమోదైంది. ముందు వెళ్లిపోయేవి ఇలాంటి సున్నితమైన చేపలే. కాబట్టి మీ పుస్తకంలో పెద్ద చేపకు ఇచ్చినంత స్థలం వేలెడంత చేపకు కూడా ఇవ్వండి.

పేర్ల విషయంలో చెన్నైలో ఒక చిక్కు ఉంది. మనం బొంత అనేదాన్ని ఇక్కడ మడవై అంటారు, కొర్రమీనును విరాల్ అంటారు. తెలుగు పేరు, తమిళ పేరు, శాస్త్రీయ నామం మూడూ పక్కపక్కన రాసి, చేపను తెల్లటి పలక మీద స్కేలుతో సహా పక్కనుంచి ఫొటో తీసి పెట్టుకోవాలి. గుర్తుపట్టలేని చేపను ఊహించి రాయకూడదు. శాంథోం హైరోడ్డులో ఉన్న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం వంటి చోట నిపుణులకు చూపించి నిర్ధారించుకోవాలి.

చోటు, కాలం

ఒకే చోట చూసిన లెక్కకు అర్థం ఉండదు. అడయారునే తీసుకుంటే, పైన తిరునీర్మలై వైపు ఒకటి, నందంబాక్కం దగ్గర ఒకటి, సైదాపేటలో మరైమలై అడిగళ్ వంతెన దగ్గర ఒకటి, కోట్టూర్పురం దగ్గర ఒకటి, చివరగా నదీముఖంలో ఒకటి అని ఐదు చోట్లను ఎంచుకోవచ్చు. పెద్ద మురుగు కాలువ కలిసే చోట ఉంటే దానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉండేలా చూడండి.

వీటితో పోల్చడానికి సాపేక్షంగా బాగున్న ఒక చోటు తప్పనిసరిగా కావాలి. చెన్నై తెలుగువారికి ఇందుకు ఆరణియార్ దగ్గరగా ఉంటుంది. మన చిత్తూరు వైపు కొండల్లో పుట్టి, పిచ్చాటూరు, సురుటుపల్లి మీదుగా వచ్చి తమిళనాట ప్రవేశించి పులికాట్ దగ్గర ముగిసే ఈ నది ఎగువ భాగంలో నగరపు మురుగు లేదు. అయితే ఏడాదిలో చాలా కాలం ఎండిపోయి ఉంటుంది, కనుక నీరున్న నెలల్లోనే పోల్చాలి. మంచినీటి చోటును మంచినీటితోనూ, ఉప్పునీరు కలిసే నదీముఖాన్ని పులికాట్ వంటి ఉప్పునీటి చోటుతోనూ పోల్చాలి తప్ప, రెండింటినీ కలపకూడదు.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉంటాయి కాబట్టి, వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, వరద తగ్గి నది స్థిమితపడ్డాక ఫిబ్రవరిలో ఒకసారి లెక్క తీయడం మంచిది. 2015 డిసెంబరు వరద వంటిది వచ్చిన వెంటనే లెక్క తీస్తే చెరువుల చేపలన్నీ నదిలో కనిపిస్తాయి. వాటిని చూసి నదిలో రకాలు పెరిగాయని రాయడం పొరపాటు.

నదీముఖంలో ఆటుపోట్ల సంగతి మరీ ముఖ్యం. మొదట్లో నేను పోటు సమయంలో వేయించిన వలలో బొంతలు నిండుగా పడితే, మురుగు మధ్యలో కూడా ఇవి బతుకుతున్నాయని ఉత్సాహంగా రాసుకున్నాను. ఆటు మొదలయ్యాక అదే చోట మళ్లీ వల వేయిస్తే తిలాపియాలు తప్ప ఏమీ పడలేదు. బొంతలు సముద్రపు నీటితో వచ్చి, దానితోనే వెళ్లిపోయాయి. అవి చెప్పిన సాక్ష్యం సముద్రానిది, నదిది కాదు. అప్పటినుంచి నదీముఖంలో పోటు లెక్క, ఆటు లెక్క విడివిడిగా రాస్తున్నాను. నది నోటికి ఇసుక మేట పడి మూసుకున్న రోజుల్లో అయితే ఆ విషయాన్ని పేజీ పైనే రాయాలి, ఎందుకంటే అప్పుడు నీరు కదలక ఆక్సిజన్ వేగంగా పడిపోతుంది.

వల వేయడం, నీటిని కొలవడం

వల వేయడానికి ముందు మత్స్యశాఖ, స్థలానికి సంబంధించిన అధికారుల అనుమతి తీసుకోండి. స్వయంగా దిగవద్దు. అడయారు, కూవం అడుగున మడ్డి నడుము లోతు వరకు దిగబడే చోట్లున్నాయి, గాజు పెంకులున్నాయి, చిన్న గాయంలోంచి లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులు వచ్చే ప్రమాదం ఉంది. అక్కడి మత్స్యకారుడికి ఒక పూట కూలి ఇచ్చి విసురువల వేయించడం అన్ని విధాలా మేలు. ఆయనకు నది తెలుసు, మనకు తెలియదు. రబ్బరు చేతి తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు ఒడ్డున ఉండేవారికి కూడా అవసరం.

ప్రతి చోటా ఒకే వల, ఒకే కన్ను పరిమాణం, ఒకే సంఖ్యలో విసుర్లు ఉండాలి. ఇరవై విసుర్లు అని నిర్ణయించుకుంటే, పదో విసురుకే బోలెడు చేపలు పడినా ఇరవై పూర్తి చేయాలి. ఏమీ పడని విసురును సున్నా అని రాయాలి. ఆ సున్నాలు లేని పట్టిక పనికిరాదు. పట్టిన చేపలను నది నీరు నింపిన బకెట్లలో, బ్యాటరీ ఎయిరేటర్ పెట్టి ఉంచండి.

అదే సమయంలో నీటిని కూడా కొలవాలి: ఉష్ణోగ్రత, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), ఉప్పుదనం, కరిగిన ఆక్సిజన్, అమ్మోనియా. ఆక్సిజన్‌ను సూర్యోదయానికి ముందొకసారి, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఒకసారి కొలవండి. నాచు నిండిన నీరు పగలు వెలుతురులో ఆక్సిజన్ తయారుచేసి మీటరులో అంకెను చాలా ఎత్తుకు తీసుకువెళ్తుంది, రాత్రంతా అదే నాచు ఆక్సిజన్‌ను వాడుకుని తెల్లవారేసరికి దాదాపు ఖాళీ చేస్తుంది. చేప బతుకు తెల్లవారుజాము అంకె మీద ఆధారపడి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీటిలో గరిష్ఠంగా లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చేపల పెంపకానికి, వన్యప్రాణులకు తగిన నీటికి పెట్టిన కనీస హద్దు 4 మిల్లీగ్రాములు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య, స్వేచ్ఛా అమ్మోనియా, అంటే చేపకు విషమైన రూపం, నత్రజనిగా లెక్కిస్తే 1.2 మిల్లీగ్రాములకు మించకూడదు. అమ్మోనియాను పీహెచ్‌తో కలిపి చదవాలి: 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో చేపకు విషమైన రూపం ఒక శాతం లోపే ఉంటుంది, పీహెచ్ 9కి చేరితే నలభై శాతం దాటుతుంది. పగటి వెలుతురులో నాచు వల్ల పీహెచ్ పెరుగుతుంది; ఒకే మురుగు ఉదయం చేపను బాధపెట్టకుండా, మధ్యాహ్నం చంపగలగడానికి ఇదొక కారణం.

చేపను చేతిలోకి తీసుకుని చూడడం

నాకు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ముందుగా బకెట్లోని చేపను గాజు తొట్టెలోకి మార్చి, కాసేపు స్థిమితపడనిచ్చి, మొప్ప కప్పు పదిహేను సెకన్లలో ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. బాగున్న చోటు నుంచి తెచ్చిన అదే జాతి, అదే సైజు చేపతో పోలిస్తే ఇది చాలా ఎక్కువగా ఉంటే చేప ఊపిరికి పాటుపడుతున్నదని అర్థం.

తరువాత తడిచేతితో చేపను పట్టుకోండి. పొడిచేయి దాని ఒంటి మీది జిగురుపొరను ఊడగొడుతుంది. మొప్ప కప్పును వేలి చివరతో మెల్లగా ఎత్తి చూడండి. ఆరోగ్యమైన మొప్ప తడి మందారంలా ఎర్రగా ఉండి, దాని పోగులు దువ్వెన పళ్లలా విడివిడిగా నిలుస్తాయి. మురుగు చోట పట్టిన తిలాపియా మొప్పల మీద తరచూ బూడిదరంగు జిగురు దట్టంగా కప్పి ఉండి, పోగులు ఒకదానికొకటి అంటుకుని, చివర్లు అరిగి కనిపిస్తాయి; లోహాలు, ఆమ్లాలు, అమ్మోనియా వంటివి మొప్పను ఒరిపిడి పెడితే చేప తనను కాపాడుకోవడానికి ఆ జిగురును ఊరుస్తుంది, ఆ జిగురే మళ్లీ ఊపిరికి అడ్డమవుతుంది. మొప్ప గోధుమరంగులో ఉంటే నీటిలో నైట్రైట్ ఎక్కువై రక్తం ఆక్సిజన్ మోసే శక్తి కోల్పోయిందని అనుమానించాలి. చచ్చిన చేప మొప్ప కొద్ది గంటల్లోనే పాలిపోతుంది కాబట్టి ఈ పరీక్ష బతికున్నదానిమీదే చేయాలి.

ఒంటి మీద వంకర వెన్ను, తెగిన లేదా అరిగిన రెక్కలు, పుండ్లు, గడ్డలు ఉన్నాయేమో చూసి, ఎన్ని చేపల్లో ఎన్నింటికి ఉన్నాయో రాయండి. ఎన్నూరు క్రీక్‌లో 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను వరదతో చమురు పరుచుకున్నప్పటిలాంటి సందర్భాల్లో అయితే చేప వాసన కూడా నమోదు చేయదగిన విషయమే.

ఇక పొడవు, బరువు. ముక్కు చివర నుంచి తోక చివర వరకు సెంటీమీటర్లలో, బరువు గ్రాములలో తీసుకుని, బరువును వందతో హెచ్చించి, పొడవు ఘనంతో భాగిస్తే చేప పుష్టి ఎంతో తెలిసే అంకె వస్తుంది. 15 సెంటీమీటర్ల తిలాపియా 60 గ్రాములుంటే ఇది 1.78, అదే పొడవుది మరోచోట 70 గ్రాములుంటే 2.07. ఒక జాతిని మరో జాతితో పోల్చకండి, గుడ్లతో నిండిన ఆడచేపను విడిగా రాయండి. ఇంకో జాగ్రత్త: మురుగులో తిండి ఎక్కువగా ఉండడం వల్ల తిలాపియా కొన్నిసార్లు బొద్దుగానే ఉంటుంది. బొద్దుగా ఉంది కాబట్టి ఆరోగ్యంగా ఉందని తీర్మానించే ముందు మొప్పను చూడాలి.

అంకెలుగా మార్చడం

నది ఆరోగ్యాన్ని చేపల ద్వారా అంకెల్లో చెప్పడానికి అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కార్ 1981లో ప్రతిపాదించిన జీవ సమగ్రతా సూచికలో పన్నెండు అంశాలున్నాయి. ప్రతి అంశానికి బాగుంటే 5, మధ్యస్థమైతే 3, బాగా లేకపోతే 1 ఇచ్చి కలుపుతారు, కాబట్టి మొత్తం 12 నుంచి 60 మధ్య ఉంటుంది. అక్కడి చేపల పేర్లను యథాతథంగా ఇక్కడికి తేలేము, కానీ పద్ధతిని తీసుకోవచ్చు. మన నదులకు ఆరు అంశాలు చాలు: స్థానిక రకాల సంఖ్య, సున్నితమైన రకాల సంఖ్య, తట్టుకునే చేపల వాటా, పురుగులు తినే చేపల వాటా, విదేశీ చేపల వాటా, ఒంటి మీద లోపాలున్న చేపల శాతం. మొదటి రెంటికి, పోల్చే చోట దొరికినదానిలో మూడింట రెండు వంతులకు పైగా ఉంటే 5, మూడింట ఒక వంతుకు తగ్గితే 1, మధ్యలో ఉంటే 3 ఇవ్వండి. లోపాల విషయంలో కార్ పెట్టిన హద్దులనే వాడవచ్చు: రెండు శాతం లోపు ఉంటే 5, ఐదు శాతం దాటితే 1. మిగతా మూడింటికి మీ సొంత లెక్కలు రెండు మూడేళ్లవి పోగయ్యాక హద్దులు నిర్ణయించండి. మొత్తం అంకె కంటే, ఏ అంశం దగ్గర పడిపోయిందన్నదే మనకు ఎక్కువ చెబుతుంది.

పాత లెక్కలు లేని చోట మత్స్యకారులే మన గ్రంథాలయం. "అన్నా, మీ నాన్నగారి కాలంలో ఇక్కడ ఏమేం పడేవి, ఇప్పుడేవి పడటం లేదు?" అని అడిగి, ఫొటోలు చూపించి, ఒక్కొక్కరిని విడివిడిగా కూర్చోబెట్టి రాసుకోండి. నలుగురు విడివిడిగా ఒకే చేప పేరు చెబితే దాన్ని నమ్మవచ్చు.

చేపలు చచ్చి తేలినప్పుడు

ఈ వార్త వచ్చిన వెంటనే వెళ్లాలి. ఆలస్యమైతే సాక్ష్యం కుళ్లిపోతుంది. తెల్లవారుజామున చచ్చి, పెద్ద చేపలు ఎక్కువగా పోయి, నోళ్లు తెరిచి మొప్పలు విప్పారి ఉండి, కొర్రమీను, మార్పు మాత్రం బతికి ఉంటే అది ఆక్సిజన్ కొరతే కావచ్చు. మొదటి పెద్ద వానకు కాలువల్లోని మడ్డి కదిలి నదిలో పడినప్పుడు ఇలా జరుగుతుంది. పగలు, రాత్రి తేడా లేకుండా, చిన్న పెద్ద అన్నీ ఒకేసారి పోయి, గాలి పీల్చే చేపలు కూడా చచ్చి, బతికున్నవి గిరగిర తిరుగుతూ ఉంటే విషం గురించి ఆలోచించాలి. పురుగులు, రొయ్యలు కూడా పోయి ఉంటే పురుగుమందు అనుమానం బలపడుతుంది.

పూర్తిగా చచ్చినవాటికంటే కొన ఊపిరితో ఉన్నవి పరీక్షకు పనికొస్తాయి. లోహాల పరీక్షకు పాలిథిన్ సంచిలో, పురుగుమందులు, నూనెల పరీక్షకు అల్యూమినియం రేకులో చుట్టి మంచులో పెట్టి, అదే చోట నీటిని కూడా పట్టి, సమయం, స్థలం రాసి కాలుష్య నియంత్రణ మండలి జిల్లా కార్యాలయానికి రాతపూర్వక ఫిర్యాదుతో ఇవ్వండి. పాదరసం కండలో, కాడ్మియం కాలేయం, మూత్రపిండాల్లో, సీసం ఎముకల్లో ఎక్కువగా చేరుతుంది కాబట్టి, ఏ భాగం పరీక్షించాలో ప్రయోగశాలకు స్పష్టంగా చెప్పాలి. కండ ఒక్కటే పరీక్షించి కాడ్మియం లేదని చెప్పిన నివేదికను ఒప్పుకోవద్దు.

ఒక కాలువ మీద ప్రత్యేకంగా అనుమానం ఉంటే బోను పద్ధతి ఉంది. పక్కనున్న కళాశాల జంతుశాస్త్ర శాఖ పర్యవేక్షణలో, ఒకే సైజు ఆరోగ్యమైన చేపలను రెండు వల బోనుల్లో పెట్టి, ఒకటి కాలువకు ఎగువన, ఒకటి దిగువన 96 గంటలు ముంచి ఉంచుతారు. చేప పారిపోతుందన్న సమస్య ఇక్కడ ఉండదు. ఆ వ్యవధికి చట్టంలోనూ స్థానముంది: 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణాల ప్రకారం, శుద్ధి చేసి వదిలే పారిశ్రామిక వ్యర్థజలాన్ని ఏమీ కలపకుండా అలాగే వాడినా, అందులో 96 గంటల తరువాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. దిగువ బోనులో చేపలు పోయి ఎగువ బోనులో బతికి ఉంటే, మీ ఫిర్యాదులో ఈ నియమాన్ని ప్రస్తావించి, ఆ పరీక్షను అధికారికంగా చేయించమని కోరండి.

లెక్క పూర్తయ్యాక స్థానిక చేపలను పట్టిన చోటే వదలండి. తిలాపియాను, సక్కర్ చేపను మళ్లీ నీటిలోకి వదలవద్దు, ఆ చేపలను ఎవరూ వండుకోకుండా కూడా చూడండి. ఇంకో నదికి వెళ్లే ముందు వల, బకెట్లు, బూట్లు కడిగి పూర్తిగా ఎండలో ఆరబెట్టండి. అడయారు మురుగుతో పాటు అక్కడి చేపపిల్లలను, గుడ్లను ఆరణియార్‌కు మనమే మోసుకుపోకూడదు.